దుకాణానికీ ఇంటికీ మధ్య గోడ

మా చెకింగ్ సారు పోయారన్న కబురు నాకు లిఫ్టులో తెలిసింది. కొండాపూర్‌లో మా ఆఫీసు ఆరో అంతస్తు. మధ్యాహ్నం షిఫ్టుకు వచ్చేవాళ్లతో లిఫ్టు కిక్కిరిసి ఉంది. తలుపులు మూసుకుంటుండగా మేనేజరు ఫోన్ చేశారు. ఆయనది కడప వైపు. "సార్ పోయినాడు మా. పొద్దున స్నానం చేసి వచ్చి కుర్చీలో కూర్చున్నాడంట. అట్నే..." అన్నారు. ఆ తర్వాత మాట వినపడలేదు. ఆరో అంతస్తులో అందరూ దిగారు, నేను దిగలేదు. కిందికి వెళ్లి మళ్లీ పైకి వచ్చాను. మూడోసారి కిందికి వెళ్లినప్పుడు సెక్యూరిటీ ఆయన చూసి, "ఏమైంది మేడమ్, కార్డు మర్చిపోయిన్రా?" అని అడిగారు. అప్పుడు ఏడుపొచ్చింది.

మీలో ఆయన్ని ఎరిగినవాళ్లు ఉండరు. ముప్ఫై ఏళ్లకు పైగా సర్కారు కొలువులో డ్రాఫ్ట్స్‌మన్‌గా కాలువలూ తూములూ గీసి, రిటైరయ్యాక మా కంపెనీలో చేరారు. మేం చేసే పని ఏమిటో కూడా కొంచెం చెప్పాలి. ఇంగ్లండులో చాలా పాత ఇళ్లున్నాయి. వాటిలో చిన్న మార్పు చేయాలన్నా ముందు ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా గీసి అక్కడి అధికారులకు చూపించాలి. అక్కడి సర్వేయర్లు గదిగదికీ లేజరు యంత్రం పెడతారు. గోడలు, దూలాలు, మెట్లు అన్నీ అందులో కోట్ల చుక్కలుగా పడతాయి. ఆ చుక్కల ఫైలు మాకు వస్తుంది. వాటి మీదుగా గీతలు గీసేది మేము. గీసినవాటిని చూసి, సరిగ్గా ఉంటేనే సంతకం పెట్టి పంపేది మా సారు. మా అమ్మ ఒకసారి నా పనేమిటో చూపించమంటే లాప్‌టాప్ తెరిచి చూపించాను. "ముగ్గులేగా," అని తేల్చేసింది.

నేను చేరిన మొదటి వారంలో ఒక ఇంటి ముందుగోడ నాకిచ్చారు. అది ఎక్కడా నిలువుగా లేదు. మధ్యలో పొట్ట, పైన కుడివైపుకి వాలు. కాలేజీలో మాకు నేర్పింది గోడంటే తొంభై డిగ్రీలని. పాపం యంత్రమే ఎక్కడో తడబడి ఉంటుందనుకుని నేను అంతా సర్ది, నిటారుగా గీసి ఇచ్చాను. తొందరగా అయిపోయిందని కాస్త గొప్పగా కూడా అనిపించింది. సారు ప్రింటు తీసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూశారు.

"ఏంది బిడ్డా, గోడను ఇస్త్రీ చేసినవా?"

పక్క సీట్లవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "లేదండి, అదే వంకరగా వచ్చిందండి," అన్నాను.

"మూడొందల ఏండ్ల సంది నిలవడ్డది. జర నడుం వంగదా? మా అవ్వను నిటారుగ గీస్తే అది మా అవ్వ అయితదా?"

ఆ గోడని మళ్లీ గీయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆయన మీద కోపం పోవడానికి ఇంకో వారం పట్టింది.

ఆయన తెర మీద ఏదీ చూసేవారు కాదు. ప్రింటు ఉండాల్సిందే. పెద్ద కాగితం బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టేవారు. ఒకటి స్టేప్లరు, ఒకటి టిఫిను గిన్నె మూత, మిగతా రెండూ ఎవరి ఫోన్లు దొరికితే వాళ్లవి. ఫోను పోయినవాళ్లు చెకింగ్ అయ్యేదాకా ఆయన చుట్టూ తిరిగేవాళ్లు. చేతిలో ఎర్ర పెన్సిలు. ఏసీ ఆయనకు పడదు. రిమోట్ ఎక్కడో దాచేసి, మాకు చెమటలు పడుతుంటే తనకేమీ తెలియనట్టు పనిచేసుకునేవారు. నేను తెనాలి నుంచి తెచ్చిన ఆవకాయని "పులుపే తప్ప ఇంకేం లేదు మీ దిక్కు" అని తిడుతూనే సీసా సగం చేసేవారు. నేను మాటకోసారి అండి అంటానని, "బిడ్డా, నీ అండీల ఖర్చు జర తగ్గించు. నెలాఖరుకు ఏం మిగలదు," అనేవారు.

వాన పడితే మాత్రం ప్రింటు వదిలేసి కిటికీ దగ్గరకు వెళ్లేవారు. ఎదుటి అద్దాల భవనం మీద నీళ్లు ఎటు జారుతున్నాయో చూస్తూ నిలబడేవారు. "నీళ్లు యాడికి పోతున్నయో చూడు, ఇల్లు తెలుస్తది," అనేది ఆయన మాట. మా ప్యాంట్రీ పైకప్పు ఫలానా మూల కారుతుందని ముందే చెప్పారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడు ఆగస్టులో సరిగ్గా ఆ మూలే కారి కాఫీ మిషను పాడైంది. దాని గురించి ఒక్క మాట అనలేదు గానీ, ఆ రోజంతా ఈల వేసుకుంటూ తిరిగారు.

ఇంకో అలవాటు ఉండేది. అదే ఆయనకీ మేనేజరుకీ ఎప్పుడూ తగువు. చుక్కలు సరిగా పడనిచోట, లోపల ఏముందో తెలియనిచోట మామూలు గీత గీయనిచ్చేవారు కాదు. చుక్కల గీత పెట్టి, పక్కన ప్రశ్నార్థకం వేయించేవారు. "తెల్వనిది తెల్వదనే గియ్యాలె." మేనేజరుకి ఆ ప్రశ్నార్థకాలంటే గుండెల్లో రాయి పడ్డట్టు ఉండేది. డబ్బులిచ్చి గీయించుకున్నవాళ్లకి మనం ప్రశ్నలు పంపితే ఎట్లా అని ఆయన బాధ.

కిందటేడు వేసవిలో మాకొక ఇల్లు వచ్చింది. అక్కడ ఒక చిన్న ఊళ్లో బజారు వీధి మీద ఉంది. ముందు దుకాణం, వెనకా పైనా ఇల్లు. అంతా టేకులాంటి గట్టి కలపతో కట్టిన చట్రం. మేకులు లేవు, చెక్క సీలలే. కలప ముక్కల మీద వడ్రంగులు చెక్కుకున్న గుర్తులు కూడా చుక్కల్లో కనపడుతున్నాయి. మేడ మీద గది వీధిలోకి ఓ మూరెడు ముందుకొచ్చి ఉంది. ఆ గది నేల ఒక మూల నుంచి ఇంకో మూలకు బెత్తెడు దిగిపోయింది. దుకాణానికి బయటికి ఉబ్బిన కిటికీ, దానికి చిన్న చిన్న గాజు పలకలు. ఇంట్లోవాళ్లకి పక్కనే వేరే తలుపు, సన్నటి నడవ. మధ్యలో ఇల్లంతా మోస్తున్నట్టున్న పెద్ద పొగగొట్టం. నేను పనిచేసిన ఇళ్లన్నిటిలో దాన్నే ఎక్కువ ఇష్టపడ్డాను. ఈసారి వంకర ఉన్నచోట వంకరగానే, వాలినచోట వాల్చే గీశాను. సారు చూసి తల ఊపుతారని ఎదురుచూశాను.

ఒక్కచోట మాత్రం అలా గీయలేదు. దుకాణానికీ వెనక గదికీ మధ్య ఒక సన్నటి గోడ ఉంది. దాన్ని ఆనుకుని దుకాణంలో పెద్ద అలమార. దాని వెనక చుక్కలు పలచగా, చిందరవందరగా పడ్డాయి. అది అలమార నీడ అనుకుని నేను గోడని ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే మందంతో లాగేశాను. ఆ ఇల్లు కొత్తగా కొనుక్కున్నావిడ ఆ గోడ కూల్చి, రెండు గదులూ కలిపి కాఫీ హోటలు పెట్టాలనుకుంటోంది. మా బొమ్మ అధికారుల దగ్గరికి వెళ్లాక, అది ఉత్త అడ్డుగోడ అని వాళ్లకి అనిపిస్తే కూల్చుకోమంటారు. పాతది, విలువైనది అనిపిస్తే వద్దంటారు. అంటే ఆ గోడ బతుకు నా రెండు గీతల మీద ఉందన్నమాట. ఆ సంగతి గీసేటప్పుడు నా బుర్రకి తట్టలేదు.

బొమ్మ వెళ్లాల్సిన రోజున సారు నన్ను పిలిచారు. నా గీత కింద చుక్కలు కూడా కనపడేలా ప్రింటు తీయించి పెట్టుకున్నారు. గోడ మధ్యలో, ఓ మనిషి చేతులు చాపినంత మేర, చుక్కలు నా గీతకి రెండువైపులా బయట ఉన్నాయి.

"ఈ చుక్కలు ఏం పాపం చేసినయ్ బిడ్డా? బయట నిలవెట్టినవ్."

"అక్కడ అలమార ఉందండి. దాని నీడ అనుకున్నానండి."

"అలమార ఒక్కదిక్కే ఉన్నది. గోడ రెండుదిక్కుల ఉబ్బింది. అనుకున్నదాన్ని గీత గీసినవ్, గంతే."

నేను ప్రింటు మీదికి వంగి మళ్లీ చూశాను. ఆయన మాత్రం నన్ను వదిలేసి ఆ బొమ్మలోకి వెళ్లిపోయారు. వేలితో దుకాణం తలుపు నుంచి లోపలికి, గల్లాపెట్టె ఉండే చోటు నుంచి వెనక గదికి దారి గీసుకుంటూ వెళ్లారు.

"గీడ ఒక కిటికీ ఉండాలె," అన్నారు.

"లోపలి గోడకి కిటికీ ఏంటండి?"

అప్పుడు చెప్పారు. సిద్దిపేట వైపు ఒక ఊళ్లో వాళ్ల నాన్నకి కిరాణా కొట్టు ఉండేదట. ముందు కొట్టు, వెనక ఇల్లు. మధ్య గోడకి చిన్న కిటికీ. "మా నాయిన జిందగీల ఒక్కసారి గోడదిక్కు మొఖం పెట్టి అన్నం తినలె. ముద్ద నోట్ల పెట్టుకుంట కిటికీలకెల్లి కొట్టు చూస్తుండె. గిరాకొస్తే ఎంగిలి చెయ్యితోని లేస్తుండె. దుకాణం నడిపెటోడు ఏ దేశమోడైనా గంతే గద. గీడ ఎన్నడో చెక్కపలకలు కొట్టి మూసేసిన్రు. అందుకే గోడ ఉబ్బింది."

మేనేజరు వచ్చారు. విషయం విని తల పట్టుకున్నారు. "సార్, ఇంగ్లండులో మధ్యాన్నమయ్యే లోపల పంపాల. వాళ్లు కాచుకోని ఉండారు. మీ నాయన కొట్టుకీ ఈ కొట్టుకీ ఏం సమ్మంధం సార్? సంతకం పెట్టేయండి."

"సమ్మంధం ఉన్నదో లేదో నాకూ తెల్వదు," అన్నారు సారు. "తెల్వనప్పుడు సంతకం ఎట్ల పెట్టాలె?"

ఆ నెలతో ఆయన కాంట్రాక్టు అయిపోతుందనీ, దాన్ని పొడిగించమని రాయాల్సింది ఆ మేనేజరేననీ మా ముగ్గురికీ తెలుసు. మేనేజరు గోడ గడియారం కేసి చూసి, నా కేసి చూశారు. ఆ చూపు తట్టుకోలేక, "తప్పు నాదేనండి. నేనే సర్ది గీశాను," అని చెప్పేశాను.

"అయితే నువ్వే ఫోన్ చెయ్యి," అన్నారు సారు. "ఆ సర్వేయరమ్మను పోయి గోడ కొట్టి చూడమను."

ఆ ఇల్లు కొలిచిన సర్వేయరు ఒక పెద్దావిడ. అక్కడింకా పొద్దునే; అదృష్టం కొద్దీ ఆ వీధిలోనే వేరే పని మీద ఉన్నారు. నా ఇంగ్లీషు మెయిలు రాయడానికి బాగానే ఉంటుంది. నోటితో మాట్లాడాలంటే మాత్రం ముందు కాగితం మీద రాసుకుంటాను. "మేడమ్, దయచేసి వెళ్లి ఆ గోడ తట్టండి," అని రెండుసార్లు చెప్పాను. ఆవిడ నవ్వి, సరే అన్నారు. దుకాణం తలుపు తీయగానే దానికున్న గంట మోగింది. వెనక ఎవరో విసుక్కుంటున్న గొంతు వినిపించింది. ఆ ఇల్లు కొనుక్కున్నావిడ. అలమార జరిపిన చప్పుడు, ఆ వెంటనే గోడ మీద తట్టిన చప్పుడు. సారు నా చెవి నుంచి హెడ్‌ఫోను తీసి తన చెవులకు పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. మేమందరం ఆయన మొహం చూస్తూ నిలబడ్డాం.

"ఎడమదిక్కు ఇంకోసారి," అన్నారు. నేను లాప్‌టాప్ మైకులోకి ఇంగ్లీషులో చెప్పాను. "ఇప్పుడు నడుమ." చెప్పాను. ఆయన కళ్లు తెరిచి, హెడ్‌ఫోను మేనేజరుకి ఇచ్చారు. "కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తరు గద సార్. మీరే వినున్రి."

మేనేజరు విన్నారు. ఆయన మొహం మారడం నేను చూశాను. "డొల్లగా ఉంది," అన్నారు మెల్లగా. కూర్చుని ఆయనే స్వయంగా అవతలివాళ్లకి మెయిలు రాశారు, బొమ్మ ఓ గంట ఆలస్యమవుతుందని. సారు కాంట్రాక్టు పొడిగించమని కూడా అప్పుడే రాసి పడేశారని తర్వాత తెలిసింది. నేను ఆ ఉబ్బుని ఉన్నట్టే గీసి, లోపల చుక్కల గీత పెట్టి, ప్రశ్నార్థకం వేశాను. సారు సంతకం పెట్టారు.

అక్కడి పనులు నిదానం. నాలుగు నెలలకి ఫొటో వచ్చింది. అధికారులు ముందు విప్పి చూడమన్నారట. రెండువైపులా చెక్కపలకలు తీస్తే లోపల కిటికీ. చిన్న చిన్న గాజు పలకలు, ఒకటి పగిలింది, మిగతావి మసి పట్టి ఉన్నాయి. కింద చెక్క గట్టు ఒకచోట మాత్రం నున్నగా అరిగి ఉంది. సారు ఆ ఫొటోని కూడా ప్రింటు తీయించుకున్నారు. చాలాసేపు చూసి, అరిగిన చోట ఎర్ర పెన్సిలుతో గుండ్రంగా చుట్టి, "మోచెయ్యి పెట్టుకున్న జాగ," అన్నారు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను మా ఆఫీసులో మళ్లీ చూడలేదు.

గోడ కూల్చకూడదని తేలింది. ఇల్లు కొనుక్కున్నావిడకి మాత్రం కోపమొచ్చింది. ఆమె కాఫీ హోటలు లెక్కంతా తలకిందులైంది. ఎక్కడో ఇండియాలో కూర్చున్నవాళ్లు నా గోడ తట్టించి నా నోరు కొట్టారని సర్వేయరుకి రాసింది. ఆ మెయిలు మా దాకా వచ్చింది. మేనేజరు దాన్ని పక్కన పెట్టేశారు. సారు పెట్టలేదు.

"ఆమె బాధ ఆమెది. గోడ ఉంటే కుర్చీలు యాడ పడతయో ఎవరన్న చూపించిన్రా ఆమెకు?" అన్నారు.

అది మా పని కాదు. అయినా ఓ వారం రోజులు భోజనాల వేళ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గీయించారు. దుకాణంలో నాలుగు బల్లలు, వెనక గదిలో మూడు, కిటికీ పక్కన ఒక చిన్న బల్ల, ఒకే కుర్చీ. "ఇది గిరాకీకి కాదు, ఆమెకే," అని చెప్పి రాయించారు. నడవడానికి దారి చాలుతుందా లేదా అని ఆఫీసులో బల్లలు జరిపి, తనే చేతిలో పళ్లెం పట్టుకున్నట్టు నడిచి చూశారు. టీ తెచ్చిన ఆయన కూడా ఆగి నవ్వాడు. బొమ్మ పంపించాం. జవాబు రాలేదు. అప్పుడప్పుడూ అడిగేవారు, "ఆ దుకాణపామె ఏమన్న రాసిందా?" అని. లేదండి అంటే, "పనిల ఉంటది," అనేవారు. పోవడానికి వారం ముందు కూడా అడిగారు.

పదకొండో రోజున ప్రగతి నగర్‌లో వాళ్లింటికి వెళ్లాం. చెరువు వైపు రెండో అంతస్తు. అమ్మగారు, అంటే సారు భార్య, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "నువ్వేనా బిడ్డా, గోడను ఇస్త్రీ చేసిన పిల్లవి?" అని అడిగారు. ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. ఆమెకీ నవ్వొచ్చింది.

"తెల్లారి లేస్తే గోడలు గోడలు అంటుండె. నేనేమో యాడనో కొత్త కాలనీ కడుతున్నరు అనుకున్న," అన్నారు. "గంత దూరపోళ్ల ఇండ్లతోని ఈయనకేం పని అని ఎన్నడు అడగలే."

భోజనాలవుతుండగా నా ఫోనుకి మెయిలు వచ్చింది. సారు పోయారని నేను సర్వేయరు గారికి రాసి ఉన్నాను. ఆవిడ ఆ కబురు దుకాణం ఆవిడకి చెప్పారట. ఆమె ఒక ఫొటో పంపింది, రెండు ముక్కల ఉత్తరంతో. హోటలు తెరిచి మూడు నెలలైందనీ, బల్లలు మీరు చూపించినట్టే వేశాననీ, ముందే రాయాల్సిందనీ, కోపంలో రాయలేదనీ.

ఫొటో అమ్మగారికి చూపించాను. తుడిచిన గాజు పలకల్లోంచి ఎండ పడుతోంది. ఈవల చిన్న బల్ల ముందు ఒక నడివయసు ఆవిడ కూర్చుని ఉంది. ముందు పళ్లెంలో అన్నమో, ఉడికించిన బంగాళాదుంపలో, పొగలు కక్కుతున్నాయి. చేతిలో చెంచా అలాగే ఉంది. తల తిప్పి కిటికీలోంచి దుకాణం వైపు చూస్తోంది.

"ఈమెనా? అటేం జూస్తుంది?" అన్నారు అమ్మగారు.

"ఎవరైనా వచ్చారేమోనని అండి. ఆ కిటికీ సారు కనిపెట్టిందే. ఆ కుర్చీ కూడా సారు వేసిందే."

ఆమె ఫోను తన చేతిలోకి తీసుకున్నారు. రెండు వేళ్లతో ఫొటోని పెద్దది చేశారు. ఆ మనిషిని చూశారు, కిటికీని చూశారు. కళ్లు తుడుచుకుని, ఫొటోని పళ్లెం మీదికి జరిపారు.

"గట్లనే చూసుకుంట కూసుంటే సల్లారిపోతది బిడ్డా. గిరాకీ యాడికి పోదు గని, ముందు తినమని రాయి ఆమెకు."

మాతో వచ్చిన మేనేజరు ఫోను అడిగి తీసుకుని, అక్కడే, ఆమె చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో రాసి పంపాను. నా ఫోను మాత్రం అమ్మగారు ఇవ్వలేదు. తన విస్తరి పక్కన పెట్టుకుని, తెర ఆరిపోయినప్పుడల్లా వేలితో తట్టి, ఫొటోలోని ఆవిడ పళ్లెం కేసి చూస్తూ కూర్చున్నారు.